వంకలో బస్సు – తొమ్మిదో భాగం: ఇనుప తీగ

పోయిన వారం యేసేపును మనం నడి వంకలో, చిమ్మచీకట్లో వదిలిపెట్టి వచ్చినాము. ఆదోనిలో ఫోటో స్టూడియో నడుపుకొనే ఈ మనిషి రాత్రిపూట మూతబడిన పత్తి జిన్నింగు మిల్లులూ, చక్రాలు లేని లారీలూ, కూలిపోయిన బంగళాలూ ఫోటోలు తీయడం ఎందుకు మొదలుపెట్టినాడో చెప్పుకొన్నాము. నాలుగేండ్ల కిందట, పందొమ్మిదివందల యాభై రెండులో, అతని భార్య మేరి బస్సు ప్రమాదంలో పోయింది. ఆమెతోపాటు మరి ముగ్గురు పోయినారు. నిద్ర పట్టి బస్సును వంకలోకి తోలినానని డ్రైవరు హనుమన్న కోర్టులో ఒప్పుకొని, బళ్ళారి జైలులో పద్దెనిమిది నెలలు ఉండి వచ్చినాడు. యేసేపుకు నిద్ర దూరమయింది. నిద్ర రానివాడు కెమెరా ఎత్తుకొని ఊరి బయటికి నడవడం నేర్చుకొన్నాడు. పాడుబడినవన్నీ తీసినాడు గాని ఆ బస్సు దగ్గరికి మాత్రం పోలేకపోయినాడు. ఈ ఏడు వానలు వెనకబట్టినాక ఒక అమావాస్య నాడు పోయినాడు.

ఆరేకల్లు దాటినాక ఎమ్మిగనూరు దారి వానలకు మాత్రమే పారే ఒక పెద్ద వంక మీదుగా పోతుంది. బస్సు ఆ వంకలో కుడిపక్కకు ఒరిగి పడి ఉంది. ఇంజను, వెనక చక్రాలు, సీట్లు కంపెనీవాళ్ళు ఎప్పుడో విప్పుకొని పోయినారు. రేకులు మిగిలినాయి. బస్సు ముక్కు గట్టుమట్టిలో కూరుకొనిపోయినందువల్ల ముందు ఇరుసు మాత్రం ఎవరి చేతికీ రాలేదు.

యేసేపు కెమెరాను మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టి, ఫోటో పడే గాజు ప్లేటు ఎక్కించి, అద్దం మూత తీసినాడు. అంత చీకట్లో మూత తీసినా ప్లేటు మీద ఏమీ పడదు. పడాలంటే వెలుతురును మనిషే మోసుకొనిపోయి వేయాలి. నల్ల కంబళి కప్పుకొని, బ్యాటరీ లైటు మూతికి అట్టతో గొట్టం చుట్టి, అతను కెమెరా ముందుకే నడిచిపోయినాడు. నల్లబట్టలో కదులుతూ ఉన్న మనిషి ప్లేటుకు కనపడడు. లైటు పడిన చోటే కనపడుతుంది. గోడకు సున్నం కొట్టినట్టు, పైనుంచి కిందికి, మళ్ళా కిందినుంచి పైకి, ఆ వెలుతురును పూసుకొంటూ పోవాలి. తుప్పు వెలుతురును తాగేస్తుంది, దానికి ముప్పై లెక్కపెట్టాలి. అద్దం పెంకులకు ఐదు చాలు. ఎదురుగా వేస్తే రేకు చప్పగా, అట్టముక్క మాదిరి వస్తుంది. పక్కనుంచి వాలుగా వేస్తే ఒక్కొక్క సొట్టా లేచి నిలబడుతుంది.

రెండుసార్లు లారీలు వచ్చినాయి. దూరాన దీపాలు కనపడగానే పరుగెత్తిపోయి మూత వేసి, అవి వంక దాటినాక మళ్ళా తీసి, వదిలిన చోటినుంచి మొదలుపెట్టినాడు. మేరి ఎక్కిన తలుపు దగ్గర లెక్క తప్పినాడు. ఇరవై అన్నాడో నలభై అన్నాడో అతనికే తెలీదు. కడగా బస్సు ముక్కు దగ్గరికి వచ్చినాడు. ఈ ఏటి వానలకు గట్టు సగం విరిగిపోయి, ఇరుసు బయటపడి ఉంది. మోకాళ్ళ మీద కూర్చొని లైటును కిందికి తోసి, పక్కనుంచి వాలుగా యాభై లెక్కపెట్టినాడు. అక్కడేముందో చూడలేదు. లెక్క తప్ప ఇంకేమీ చూడకూడదని తనకు తాను చెప్పుకొని పోయిన మనిషి అతను.

తెల్లవారకముందే స్టూడియో వెనక చీకటిగదిలో ప్లేటు కడిగి, ఆరబెట్టి, పెద్ద కాగితం మీద ఫోటో వేసినాడు. ఎర్రదీపం కింద మందునీళ్ళ పళ్ళెంలో బస్సు కొంచెం కొంచెంగా పైకి తేలింది. మొదట కిటికీలు వచ్చినాయి. తర్వాత తలుపు వచ్చింది. అది మరీ తెల్లగా, ఎవరో లోపల దీపం పెట్టినట్టు వచ్చింది. ఆఖరున ముక్కు కింద ఇరుసు తేలింది. దాని పక్కన స్టీరింగు నుంచి చక్రానికి పోయే కడ్డీ ఉంది. కడ్డీ కొసన, అతుకు ఉండవలసిన చోట, ఇనుప తీగ చుట్టి ఉంది.

భూతద్దం పెట్టి చూసినాడు. ఎనిమిదో పదో చుట్లు, వరసగా, బిగువుగా ఉన్నాయి. కొసచుట్లు తెగి వేలాడుతున్నాయి.

తెల్లవారగానే సైకిలు మీద మళ్ళా వంకకు పోయి, గట్టు కింద చెయ్యి పెట్టి తడిమి చూసినాడు. తీగే. పడిపోయిన బస్సుకు పడినాక ఎవరూ తీగ చుట్టరు. అంటే ఆ పొద్దు బస్సు విరిగిన కడ్డీతోనే బయలుదేరింది. తీగ తెగి స్టీరింగు చేతికి రాకుండా పోయింది. డ్రైవరు మేలుకొని ఉన్నా ఒకటే, నిద్రపోయినా ఒకటే.

ఇంటికి వచ్చి పాతపెట్టె తెరిచి ఇంకొక ఫోటో బయటికి తీసినాడు. మేరిని సమాధి చేసిన మర్నాడు పోలీసులు పిలిపిస్తే పోయి తీసిన ఫోటో అది. అప్పుడు ఆ చుట్టుపక్కల ఫోటోలు తీసేవాడు అతనొక్కడే. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినందువల్ల పైన రేకులన్నీ తెల్లగా మెరుస్తున్నాయి, ముక్కు కింద మాత్రం నల్లటి నీడ. కోర్టులో ఈ ఫోటోనే చూపించి, విరిగిన భాగమేదైనా కనపడిందా అని అతన్ని అడిగినారు. కనపడలేదు అని చెప్పినాడు. అది అబద్ధం కాదు. ఆ మాట చెప్పేటప్పుడు బోనులో ఉన్న హనుమన్న ముఖం చూసి, ఇతనికి శిక్ష పడాలని మనసులో కోరుకొన్న సంగతి మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ పొద్దు ఆదివారం. చర్చికి పోకుండా రాత్రి వేసిన ఫోటోను గుడ్డలో చుట్టుకొని ఎమ్మిగనూరు బస్సు ఎక్కినాడు.

జైలు నుంచి వచ్చినాక హనుమన్నకు మళ్ళా ఎవరూ బస్సు ఇయ్యలేదు. ఎమ్మిగనూరులో ఉంటూ తుంగభద్ర కాలవ పనిలో మట్టి మోస్తున్నాడు. భార్య దేవమ్మ సాలెవాళ్ళ మగ్గాలకు నూలు కండెలు చుట్టిపెడుతుంది. యేసేపు గుమ్మంలో నిలబడేసరికి ఆమె రాట్నం ముందు ఉంది. ఎవరో గుర్తుపట్టి కూడా చేయి ఆపలేదు. బతికినామో చచ్చినామో చూసేకి వచ్చినావా అని మాత్రం అడిగింది. హనుమన్న ఆమెను ఊరుకోమని చెప్పి, చాప వేసినాడు. యేసేపు కూర్చోలేదు. గుడ్డ విప్పి ఫోటో అతని చేతికి ఇచ్చినాడు.

హనుమన్న దాన్ని వాకిలి వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూసినాడు. ఇరవై ఏండ్లు బస్సులు తోలిన మనిషికి ఏది ఎక్కడుందో ఎవరూ చూపించే పనిలేదు. బొటనవేలు నేరుగా కడ్డీ కొస మీదికి పోయి ఆగింది.

"ఈ తీగ సుట్టింది నేనే," అన్నాడు.

యేసేపు దారి పొడుగునా చాలా మాటలు సిద్ధం చేసుకొని వచ్చినాడు. నిన్ను అన్యాయంగా జైలుకు పంపినామన్నా అని, ఇది తీసుకొని మళ్ళా కోర్టుకు పోదామన్నా అని. ఇప్పుడు అవేవీ పనికి రాలేదు.

"నిద్ర పట్టె అని సెప్పితివి కదన్నా," అన్నాడు కడకు.

"పట్టల్యా. మేలుకొనే ఉంటి."

తర్వాత హనుమన్న గోడకు ఒరిగి కూర్చొని, నాలుగేండ్లు దాచిపెట్టిన సంగతి నిదానంగా చెప్పినాడు. ఆ పొద్దు మధ్యాహ్నం ఎమ్మిగనూరులోనే కడ్డీ అతుకు వదులయింది. మనుషుల్ని ఎక్కించుకోకుండా, ఖాళీ బస్సును మెల్లగా ఆదోనికి తెచ్చి బాగుచేయించమని కంపెనీ గుమాస్తా చెప్పినాడు. హనుమన్న తీగతో బిగించి, బయలుదేరబోతుండగా మేరి పరుగెత్తుకొని వచ్చింది. చెల్లెలి కాన్పుకు ఎమ్మిగనూరు వచ్చిన మేరి చేతిలో టెలిగ్రాము ఉంది. ఆ సాయంత్రానికి ఇంకొక బస్సు లేదు. ఎక్కించుకొనేది లేదని అతను రెండుసార్లు చెప్పినాడు. ఆమె ఏడవలేదు, గొడవ చేయలేదు. ఆ కాగితాన్ని అతని ముందుకు చాపి నిలబడింది. చదవడం రాదమ్మా అంటే చదివి వినిపించింది. పాపకు జబ్బు, వెంటనే రా.

ఆ టెలిగ్రాము ఇచ్చింది యేసేపు. ఇప్పుడు అతను కూర్చొన్నాడు.

"నా బిడ్డ పోయినప్పుడు నేను గుంతకల్లు దారిలో ఉంటి," అన్నాడు హనుమన్న. "కబురు అందినా కంపెనీవాళ్ళు బస్సు ఇడిసిపెట్టి రానీల్యా. నేనొచ్చే తలికి మట్టి సేసినారు. ఆయమ్మ ఆ కాయితం సదివితే నాకు ఇంగేమీ కనపల్యా. ఎక్కమ్మా, అంటి."

బస్సులో ఒక మనిషి కూర్చొని ఉండేది చూసి దారిలో ముగ్గురు చెయ్యి ఎత్తినారు. ఒకరిని ఎక్కించుకొని వాళ్ళను వద్దంటే ఎట్లా అని వాళ్ళనూ ఎక్కించుకొన్నాడు. వంక దగ్గరికి వచ్చేదాకా తీగ నిలిచింది.

తర్వాత హనుమన్న ఒక మాట అడిగినాడు. నాలుగేండ్లుగా అడగాలనుకొని, అడిగేకి ముఖం చెల్లక ఉండిపోయిన మాట అది.

"ఆ పొద్దు పాపకు ఎట్లుండె అప్పా? తగ్గెనా?"

యేసేపు తల వంచుకొన్నాడు. "పొద్దు గూకేలోపలే తగ్గిపాయన్నా. మేరి వచ్చేసరికి లేసి ఆడుకొంటాంటాదిలే అనుకొంటి."

హనుమన్న తల ఊపినాడు. కోర్టులో ఎందుకు చెప్పలేదని యేసేపు అడిగితే, అదేం పెద్ద సంగతి కాదన్నట్టు చెప్పినాడు. "తీగ సంగతి సెప్తే, మనుషుల్ని ఎందుకు ఎక్కిస్తివి అంటారు. ఆయమ్మ పేరు సెప్పల్ల. ఆయమ్మ ఎందుకు వచ్చె అంటారు. ఒకదానెనక ఒకటి పోయి పోయి, మూడేండ్ల బిడ్డ నెత్తిన పడతాది. బిడ్డ జరం వల్లనే తల్లి సచ్చె అని ఊరంతా అంటాది. నిద్ర పట్టె అంటే నాతోనే సరిపాయ." కంపెనీవాళ్ళకూ అదే అనుకూలమయింది, వాళ్ళూ నోరు మెదపలేదు.

హనుమన్న ఫోటోను మళ్ళా గుడ్డలో చుట్టి యేసేపు ఒళ్ళో పెట్టినాడు. ఇంటికి పోయి ప్లేటు పగలగొట్టు, నన్ను చూసినట్టే మరిచిపో అన్నాడు.

అప్పటికి రాట్నం ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. దేవమ్మ లేచి వచ్చి వాళ్ళ నడుమ నిలబడింది. ఈ సంగతి ఆమె కూడా వినడం ఇదే మొదలు.

ఆమె మొగుడితో మాట్లాడలేదు. యేసేపుతో మాట్లాడింది. హనుమన్న జైలుకు పోయినాక, పోయినవాళ్ళ ఇండ్లకు తాను ఒక్కతే నడిచిపోయి కాళ్ళు పట్టుకొన్నానని చెప్పింది. నా మొగుడు నిద్రపోయినాడు, మన్నించండి అని అడిగినానని చెప్పింది. ఒక ఇంట్లో పేడనీళ్ళు చల్లినారు. ఒక ఇంట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చినారు, అది ఇంకా కష్టమయింది. యేసేపు ఇంటికి కూడా పోయింది. అతను తలుపు వేసుకొన్నాడు. తలుపు వేసిన సంగతి యేసేపుకు బాగా గుర్తుంది.

"నేను కూడా ఈయప్పను నిద్రమొగమోడా అని తిడితినప్పా," అంది దేవమ్మ. "జైలు నుంచి వచ్చినకాడినుంచి తింటా తాగతా అదే మాట అంటి. ఒక్కనాడు తిరిగి మాట్లాడల్యా. మీరు మొగోళ్ళు, ఎవరి కడుపులో వాళ్ళు దాసిపెట్టుకొంటిరి. నన్ను యాడ పెట్టినారు?"

హనుమన్న ఏదో చెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, యేసేపుతోనే అంది.

"కోర్టు సంగతి తరవాత. ముందు నీ బిడ్డకు సెప్పు. నా ముందర సెప్పు. ఆ బిడ్డకు సెప్పగలిగితే యాడైనా సెప్తావు. సెప్పలేకపోతే ఈ పటాన్ని నా సేత్తోనే పొయ్యిలో పెడతా, మళ్ళా నీ వాకిలి తొక్కను."

బిడ్డకు చెప్పొద్దని, చెప్పకూడదనే గదా ఇంత మోసింది అని హనుమన్న మొదట బతిమాలినాడు, తర్వాత గదమాయించినాడు. దేవమ్మ పైట సర్దుకొని గుడ్డమూట తన చేతిలోకి తీసుకొంది. యేసేపు ఆమె వెనకనే నడిచినాడు. వాకిట్లో ఒకసారి తిరిగి చూసినాడు. హనుమన్న ఖాళీ చేతులు చూసుకొంటూ కూర్చొని ఉన్నాడు.

మూడు గంటల బస్సులో ఇద్దరూ ఆదోనికి వచ్చినారు. వంక దగ్గర యేసేపు కండ్లు మూసుకొన్నాడు. దేవమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఆ రేకులు కనపడినంతసేపూ చూసింది.

యేసేపు కూతురు సారమ్మకు ఇప్పుడు ఏడేండ్లు. వాకిట్లో పలక పట్టుకొని ఎక్కాలు రాసుకొంటూ ఉంది. యేసేపు తల్లి కొత్త మనిషిని చూసి, ఎవరో తెలిసి, కొడుకు ముఖం చూసి, లోపలికి పోయింది. దేవమ్మ గడప ఇవతలే ఆగిపోయింది. యేసేపు వెనక్కు వచ్చి, లోపలికి రా అక్కా అని పిలిచినాడు.

అతను కూతురి ఎదురుగా నేల మీద కూర్చొన్నాడు. ఇంత పెద్ద సంగతి ఏడేండ్ల బిడ్డకు ఎట్లా చెప్పాలో అతనికి తెలియలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పినాడు. ఆ పొద్దు నీకు జ్వరం వచ్చింది, నేను భయపడి అమ్మకు టెలిగ్రాము ఇచ్చినాను, బస్సు బాగాలేకపోయినా అమ్మ నీ దగ్గరికి రావాలని ఎక్కింది, డ్రైవరు నిద్రపోలేదు, అమ్మ మీద జాలిపడి తెచ్చినాడు, తీగ తెగిపోయింది. చెప్తూ చెప్తూ బిడ్డ ముఖం చూసేకి భయపడి పలక చూసినాడు.

సారమ్మ బలపాన్ని కింద పెట్టింది. "అమ్మ నాకోసరమే వస్తాండెనా?"

"ఊ. నీకోసరమే."

"నేను అట్ల అనుకోల్యా నాయనా," అంది ఆ బిడ్డ. "నన్ను ఇడిసిపెట్టి పిన్నమ్మ ఇంటికి పోయి, ఆడనుంచి అట్లనే పోయిందనుకొంటి. అవ్వను అడిగితే ఏడుస్తాది, అందుకని అడగల్యా."

లోపల పాత్రల చప్పుడు ఆగిపోయింది. హనుమన్న జైలుకు పోయి కాపాడింది దేన్నుంచో, యేసేపు తలుపులు వేసుకొని కాపాడింది దేన్నుంచో, అది ఈ బిడ్డకు బరువు కాకపోయింది. చెప్పకపోవడమే బరువయింది.

సారమ్మ లేచి దేవమ్మ దగ్గరికి పోయి నిలబడింది. "అమ్మతో కడగా మాట్లాడింది మీ ఆయప్పేనా?"

దేవమ్మ తల ఊపింది.

"ఆయప్పను పిల్సకరా. బస్సులో అమ్మ ఏమేం మాట్లాడెనో అడగల్ల."

పొద్దున్నుంచి రాయి మాదిరి ఉన్న దేవమ్మ బిడ్డను దగ్గరికి లాక్కొని ఆ నెత్తి మీద గడ్డం ఆనించి ఏడ్చింది. నాలుగేండ్లలో ఆమె ఒకరి ఇంట్లో కూర్చొని ఏడవడం అదే మొదలు. యేసేపు తల్లి బయటికి వచ్చి చెంబుతో నీళ్ళు ఆమె పక్కన పెట్టి, తానూ అక్కడే కూర్చొంది. రేపు పొద్దున హనుమన్నను పిలుచుకొని వస్తానని దేవమ్మ చెప్పింది. అందరం కలిసి వకీలు దగ్గరికి పోదామని యేసేపు చెప్పినాడు. చాలా ఏండ్లకు ఆ ఇంట్లో రేపటిని గురించి మాట్లాడుకొన్నారు.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో ఎవరో దేవమ్మను పేరు పెట్టి పిలిచినారు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన కడబస్సు కండక్టరు ఉచ్చీరప్ప. ఒకప్పుడు హనుమన్నతో పనిచేసిన మనిషి. దేవమ్మ ఇక్కడికి వచ్చిందని బస్టాండులో తెలుసుకొని, పరుగెత్తుకొని వచ్చినట్టు రొప్పుతున్నాడు.

"అక్కా, హనుమన్న వంకలో ఉండాడు," అన్నాడు. "యాదో పత్తిలారీ ఎక్కి వచ్చినాడంట. గడ్డపార పట్టుకొని బస్సు ముక్కు కింద దూరి మట్టి తోడతాండాడు. ఆ తీగ పీకేదాకా రాను, అది ల్యాకుంటే ఎవరూ ఏమీ రుజువు సేయలేరు అంటాడు. గట్టు మొత్తం కదిలిపోయిందక్కా, బస్సు ఆయప్ప మీదికే వాల్తాండాది. నేను అర్సినా వినల్యా. ప్యాసింజర్లుండారు, నేను నిలిసేకి కాకపాయ."

ఏ బిడ్డ కోసం అతను ఆ తీగను పీకుతున్నాడో ఆ బిడ్డ దేవమ్మ కొంగు పట్టుకొని నిలబడి ఈ మాటలన్నీ వింటూ ఉంది. ఆ బిడ్డకు అంతా తెలుసని, అతని కోసమే ఎదురుచూస్తున్నదని అతనికి చెప్పేవాళ్ళు ఆ వంకలో లేరు.

వంక అక్కడికి ఆరు మైళ్ళు. ఆ పొద్దుకు ఆదోని నుంచి ఎమ్మిగనూరు దారిన పోయే బస్సు ఇంకొకటి లేదు.